నవ్వితే మోగే కారు

బొంబాయి కామాటిపురా ఎనిమిదో గల్లీలో, మూడంతస్తుల అద్దె గదుల చాల్ ముందు నిలబెట్టిన పాత కారొకటి ఎవరూ నొక్కకుండానే హారన్ కొట్టడం మొదలుపెట్టింది. వజ్రమ్మ కాపురానికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు.

ఊరికే కొట్టినా బాగుండేది. ఆ కారు సమయం సందర్భం చూసుకుని మరీ కొట్టేది. పొద్దున్నే నల్లా వచ్చే వేళ ఎవరి బిందైనా తగిలితే కూసేది. పక్క గది శంకర్రావు గడపలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే, కత్తి సరిగ్గా గొంతు దగ్గరికి వచ్చినప్పుడు కూసేది. అన్నిటికన్నా కచ్చితంగా, వజ్రమ్మ ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుని నవ్వినప్పుడు కూసేది. చిన్న నవ్వుకి చిన్న కూత, పెద్ద నవ్వుకి పెద్ద కూత. మూడంతస్తుల వరండాల్లోనూ కటకటాల మీదికి తలలు వచ్చేవి.

"శివరాం పెండ్లాం నవ్విందిరోయ్" అని శంకర్రావు సబ్బు నురగ మూతితోనే గల్లీకి చెప్పేవాడు.

శివరాం గ్రాంట్ రోడ్డులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర డ్రైవరు. డాక్టరు కొత్త కారు కొనుక్కున్నాక పాతదాన్ని చూపించి, నడిపించుకోగలిగితే నీదే అన్నాడు. పెళ్ళయిన ఇరవయ్యో రోజున నలుగురు స్నేహితులు దాన్ని ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా తోసుకుంటూ తెస్తే, గల్లీ అంతా బరాత్ చూసినట్టు చూసింది. కారుకి నాలుగు తలుపులు, తెరుచుకునేవి మూడు. వెనక సీట్లోంచి కొబ్బరి పీచు బయటికి వచ్చి ఉంది. ఇంజను అప్పటికి కదలదు. శివరాం కళ్ళకి మాత్రం అది అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు కనిపించింది.

ఇంజను సంగతులు అతనికి చెవితోనే తెలుస్తాయి. కరెంటంటే మాత్రం భయం. చిన్నప్పుడు మెట్ల కింద మీటరు పెట్టెలో వేలు పెట్టి చూసిన మనిషి, బల్బు మార్చాలన్నా చెప్పులు తొడుక్కుంటాడు. వజ్రమ్మ మహబూబ్‌నగర్ కాలేజీలో బి.ఎస్సీ. చదివింది. కరెంటు గురించి ఆమెకి తెలియనిది లేదు, నిజమైన తీగని చేత్తో పట్టుకోవడం తప్ప. "మనిద్దరిని కలిపితే ఒక మెకానిక్ అయితడు" అనేవాడు శివరాం.

అసలు కారు విలువ ఇంజనులో లేదు. వాళ్ళ ఖోలీ అంటే ఒకటే గది, పది అడుగులకి పన్నెండు. అందులో అత్త రాజవ్వ, ఇద్దరు మరుదులు, వీళ్ళిద్దరూ. ఒక మూలకి చీర అడ్డం కట్టారు గాని, చీర కళ్ళకి అడ్డం గాని చెవులకి కాదు కదా. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఎన్ని పనికిరాని మాటలుంటాయో, అవన్నీ ఎక్కడ చెప్పుకోవాలి? అందుకని సాయంత్రం శివరాం డ్యూటీ దిగి రాగానే ఇద్దరూ 'రిపేరు'కి వెళ్ళేవారు. ఆ మాటని ఇంట్లో ఎవరూ కాదనలేరు. సాక్ష్యానికి ఒక స్క్రూడ్రైవరు స్టీరింగు ముందు పెట్టుకుని, అద్దాలు పైకెత్తి, ఖారీ బిస్కెట్లు పొట్లం విప్పేవారు. ఏ జబ్బూ లేని వైపరు మోటారుని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో వజ్రమ్మ మొగుణ్ణి 'మీరు' అనేది. కారు తలుపు పడగానే 'నువ్వు' అనేది. అలా అనాలని ఎవరూ అనుకోలేదు. ఒకరోజు నోరు జారింది, శివరాం చెవులు ఎర్రబడ్డాయి, ఆ ఎరుపు ఆమెకి తెగ నచ్చింది. అంతే. ఇంత పెద్ద బొంబాయిలో ఆ 'నువ్వు'కి చోటు ఆ ముందు సీట్లోనే.

అలాంటి గదికి ఇప్పుడు నోరు వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున రాజవ్వ వడియాల పళ్ళెం కారు బానెట్ మీద ఎండబెట్టబోయింది. పళ్ళెం ఆనగానే కారు ఆమె చేతి కింద గట్టిగా కూసింది. వడియాలన్నీ మురికి మోరీలో పడ్డాయి.

"దీనికి గాలి వట్టింది" అంది రాజవ్వ, నడుం మీద చేతులు పెట్టుకుని. "డాక్టరు బండి గదా. ఎంతమంది రోగులు దీంట్ల సచ్చిన్రో ఏమో."

"అమ్మా, ఆయన పండ్ల డాక్టరే. పండ్లు వీకితే ఎవరన్న సస్తరా?" అన్నాడు శివరాం.

"సావకుంటే ఏంది, వీకించుకున్నోళ్ళ ఉసురు తగల్దా?"

"జర ఆగు. హారన్ వైరు వీకేస్త. సప్పుడు వోతది."

"నోట్ల బట్ట కుక్కితే దయ్యం వోతదారా?" అంది రాజవ్వ. "ఇగో ఇను. వచ్చే ఐతారం భంగార్ బాలయ్య వస్తడు. గప్పటిదాంక ఇది మంచిగైతే ఉంటది. లేకుంటే ఆయన బండి మీదికెక్కుతది. నా వడియాలకన్న జాగ దొరుకుతది."

బాలయ్య ఫోరస్ రోడ్డులో పాత ఇనుము కొంటాడు. రాజవ్వ మాట ఒకసారి బయటికి వచ్చిందంటే వెనక్కి వెళ్ళడం శివరాం తన జన్మలో చూడలేదు. ఆ రాత్రి చీర అవతల వజ్రమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆరు సాయంత్రాలు. ఆ తర్వాత 'నువ్వు' లేదు.

సోమవారం శివరాం స్టీరింగు మధ్యనున్న హారన్ బటన్ విప్పాడు. స్ప్రింగు అలిసిపోయిందని, కింద పోస్టుకార్డు ముక్క గుండ్రంగా కత్తిరించి పెట్టాడు. అది వజ్రమ్మకి ఆమె నాన్న రాసిన కార్డు. 'ఇక్కడ అందరం క్షేమం' అన్న ముక్క బటన్ కిందికి వెళ్ళింది. కారు మాత్రం క్షేమంగా కూస్తూనే ఉంది.

మంగళవారం ఆమె మొదటినుంచీ మొదలుపెట్టింది.

"బటన్ నొక్కితే ఏమైతది?"

"హారన్ మోగుతది."

"ఎట్ల?"

"ఎట్లంటే... నొక్కితే" అన్నాడు శివరాం. ఆమె చూపు చూసి సర్దుకున్నాడు. "హారన్ దాంక కరెంటు ఎప్పుడూ ఉంటది. బటన్ నొక్కినప్పుడు అర్త్ దొరుకుతది."

"అర్థం దొరుకుతదా?"

"అర్థం గాదే, అర్త్. మా గ్యారేజోళ్ళు అంటరు. బాడీ మొత్తం అర్తే."

పుస్తకంలో ఎర్త్ అంటే గీత కింద మూడు చిన్న గీతలు. కరెంటు భూమిలోకి పోతుందని మాస్టారు చెప్పారు. కానీ ఈ కారు నాలుగు రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంది. దానికి భూమి ఎక్కడిది? వజ్రమ్మ బిస్కెట్ కొరకడం మర్చిపోయి ఆలోచించింది. బ్యాటరీ రెండో కొస ఇనప ఒంటికే బిగించి ఉంది. అంటే కారుకి తన ఒళ్ళే భూమి. ఆ సంగతి తట్టగానే ఆమెకి ఎక్కడలేని సంతోషం వచ్చింది.

"అర్థమైంది" అంది.

"ఏది, అర్తా?"

ఆమె నవ్వింది. కారు కూసింది. పక్క గడపలోంచి శంకర్రావు గొంతు వినిపించింది. "ఏం రిపేరురా శివరాం, బండి గూడ సిగ్గుపడ్తున్నది."

అయితే ఒక్కటి తేలిపోయింది. బటన్ దాకా వెళ్ళే తీగ ఎక్కడో ఒకచోట కారు ఒంటికి రాసుకుంటూ ఉండాలి. అలా రాసుకుంటే బటన్ నొక్కినట్టే. బుధవారం ఆ తీగ పొడుగునా పాత సైకిల్ ట్యూబు తొడిగారు. కారు కూసింది. గురువారం వజ్రమ్మ శివరాం రబ్బరు చెప్పులు తానే తొడుక్కుని, ఆ తీగని హారన్ దగ్గరే విప్పి పక్కకి కట్టేసింది. ఇక బటన్‌కీ హారన్‌కీ చుట్టరికం లేదు. ఇద్దరూ సీట్లో కూర్చున్నారు.

"ఊఁ, ఇప్పుడు నవ్వు" అన్నాడు శివరాం.

"ఊరికే ఎట్ల నవ్వాల?"

"రోజూ ఎట్ల నవ్వుతున్నవ్?"

"రోజూ నవ్వమని ఎవరన్న అడిగిన్రా?"

నవ్వు అవసరం పడిన రోజునే రాలేదు. అతను డాక్టరుగారి నడక చేసి చూపించాడు, కూర్చునే. రాలేదు. చక్కిలిగిలి పెడతానన్నాడు. అద్దంలోంచి జనం చూస్తారంది. చివరికి ఏమీ తోచక అతను మొహం చాలా గంభీరంగా పెట్టి, పరీక్ష పెట్టే మాస్టారులా ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహం చూసి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. బటన్ తీగ లేని హారన్ శుభ్రంగా మోగింది.

శివరాం మొహంలో గంభీరం నిజంగానే వచ్చింది. "వజ్రా, అమ్మ జెప్పిందే నిజమేమో."

"నీ మొహం. డాక్టరు దయ్యానికి నేను నవ్వితే ఏం నొప్పి?" అంది గాని, కాస్త అతని వైపు జరిగింది.

ఇంకా వెలుతురుండగానే హారన్‌ని మొత్తం ఊడదీశారు. ముందున్న ఇనప జాలీ వెనక చెయ్యి పట్టడం కష్టమని, కిందికి దూరి విప్పాడు శివరాం. గడప రాయి మీద పెట్టి, రెండు పొడుగు తీగలతో బ్యాటరీకి కలిపి చూశారు. మోగమంటే మోగింది, వద్దంటే ఊరుకుంది. ఊపారు, కొట్టారు, వజ్రమ్మ దాని ముందు కూర్చుని నవ్వింది కూడా. పలకలేదు. చోటులో పెట్టి బిగించారు. శుక్రవారం పొద్దంతా బిందెలు తగిలాయి, బంతులు తగిలాయి, ఒక మేక బానెట్ ఎక్కి దిగింది. కారు మౌనవ్రతం పట్టింది. ఆ సాయంత్రం ఇద్దరూ రెండు పొట్లాల బిస్కెట్లు తిన్నారు.

శనివారం పది గంటలకి అది మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రం వజ్రమ్మ కారులోకి ఎక్కలేదు. ముందు జాలీకి ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది. కూత అక్కడ పుడుతోంది కాబట్టి అక్కడే చూద్దామనుకుంది.

"ఊపుండ్రి" అంది. బయట కాబట్టి 'మీరు'.

శివరాం సీట్లో కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగాడు. ఆమె ముక్కుకి జానెడు దూరంలో నిమ్మకాయ ఊగింది. ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. గల్లీలో ట్యాక్సీలకి, తోపుడు బళ్ళకి, ఇస్త్రీ దుకాణానికి, అన్నిటికీ ఉంటుంది. రోజూ ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? శివరాం కుస్తీ పట్టగా పట్టగా ఇంజను మొదటిసారి పలికిన శనివారం రాజవ్వ దీన్ని కట్టింది. కూతలు మొదలైందీ అప్పుడే. తర్వాత ప్రతి శనివారం పొద్దున్నే మారుస్తోంది.

నిమ్మకాయ ఊగింది, కారు కూసింది. వజ్రమ్మ వేలు అడ్డం పెట్టి ఆపింది. కూత ఆగింది. వదిలింది. కూసింది.

"ఊగకుండ్రి" అంది. అతను ఆపాడు. ఆమె నిమ్మకాయని చిటికెన వేలితో మెల్లగా తోసింది. కారు ముద్దుగా 'పీప్' అంది.

జాలీ సందులోంచి ఒక కన్ను పెట్టి చూసింది. నిమ్మకాయ గుచ్చినది దారం కాదు, సన్నని ఇనప తీగ. అది జాలీలోంచి లోపలికి వెళ్ళి, వెనక రెండు మెలికలు తిరిగి, జానెడు తోక మిగిలి ఉంది. నిమ్మకాయ ఊగినప్పుడల్లా ఆ తోక వెళ్ళి హారన్ స్క్రూ మీద వాలుతోంది. జాలీ అంటే కారు ఒళ్ళు. ఒళ్ళు అంటే అర్త్. తాజా నిమ్మకాయ బరువుగా ఊగుతుంది, శుక్రవారానికి ఎండి తేలికై ఊగడం మానేస్తుంది. లోలకం మీద ఆమె రాసిన రికార్డుకి ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. ఆ పద్దెనిమిదీ ఇవాళ ఇక్కడ వేలాడుతున్నాయి.

ఇక ఆ రెండు మెలికల ముడి. అది ఎవరిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రాజవ్వ ముప్పై ఏళ్ళు బిల్డింగుల మీద స్లాబులకి ఇనప చువ్వలు కట్టింది. మోకాళ్ళు పట్టేసి పని మానినా, బైండింగు తీగ మాత్రం ఇంట్లోంచి పోలేదు. బకెట్ పిడి, గడియారం, దుప్పట్ల మూట, చిన్న మరిది చెప్పు, అన్నీ ఆ ముడితోనే నిలబడి ఉన్నాయి.

శివరాం వచ్చి చూసి, బిత్తరపోయి చతికిలబడ్డాడు. "అమ్మకు ఎవరు జెప్పాలె?"

"మీరే చెప్పుండ్రి. కొడుకు గదా."

"బి.ఎస్సీ. నువ్వు గదా."

దిష్టి తగలకూడదని కట్టినదే దయ్యమని అత్తగారికి ఎలా చెప్పాలో ఏ బి.ఎస్సీ.లోనూ లేదు. చెప్పకుండా తోక కత్తిరించేస్తే కూత ఆగుతుంది. కానీ వచ్చే శనివారం కొత్త నిమ్మకాయ, కొత్త తోక. పైగా ఎందుకు ఆగిందో తెలియని దయ్యాన్ని రాజవ్వ నమ్మదు, బండిని పంపే తీరుతుంది.

ఆదివారం పొద్దున బాలయ్య తోపుడు బండితో వచ్చేశాడు. కారు చుట్టూ తిరిగి, వేలి కణుపుతో తలుపులు కొట్టి చూస్తున్నాడు. శంకర్రావు గడ్డం గీసుకోవడం ఆపి మరీ కూర్చున్నాడు. రాజవ్వ మెట్ల మీద చీర చెంగు దోపుకుని నిలబడింది.

వజ్రమ్మ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అత్తమ్మా, బండి వోయేముందల నాకొకటి నేర్పుండ్రి."

"ఏంది పిల్లా?"

"నిమ్మకాయ కట్టే ముడి. నాకు దారం ముడి గూడ సక్కగ రాదు."

రాజవ్వ ముడి గురించి ఆ నాలుగు నెలల్లో ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్ళలో కూడా అడిగారో లేదో. ఆమె మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి జాలీ ముందు కూర్చుంది. వేళ్ళు లోపలికి దూర్చింది.

"ఇగో, రెండు సుట్లు. గీ కొస గిట్ల వట్టుకొని, గిట్ల గుంజాలె..."

కారు కూసింది. రాజవ్వ చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ గుంజింది. మళ్ళీ కూసింది. వదిలింది, ఊరుకుంది. ఆమె మెడ వంచి జాలీలోంచి చూసింది. ఇనుము ఎక్కడ ఇనుముకి తగులుతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చాలాసేపు చూసింది.

"తోక పొడుగైంది" అంది రాజవ్వ చివరికి. "సైటు మీద గింత తోక ఇడిసిపెడ్తే మేస్త్రి తిట్టి ఇంటికి తోలుతుండె."

"ఏం రాజక్కా, దయ్యం దొరికిందా?" అన్నాడు శంకర్రావు.

"దొరికింది. దాని పేరు రాజవ్వ" అంది ఆమె, తల తిప్పకుండానే. తర్వాత బాలయ్య వైపు చూసింది. "నువ్వేం జూస్తున్నవ్? ఈడ భంగార్ లేదు. నేనొక్కదాన్నే ఉన్న. కొంటవా?"

"నిన్ను మోసే బండి నా కాడ లేదక్కా" అని బాలయ్య తోపుడు బండి తిప్పుకున్నాడు.

దారంతో కట్టమంటే రాజవ్వ ఒప్పుకోలేదు. దారమైతే మేకలు నిమ్మకాయతో సహా తినేస్తాయంది. అందుకే మొదటినుంచీ తీగ. చివరికి తీగకి వజ్రమ్మ సైకిల్ ట్యూబు తొడిగింది, తోక రాజవ్వ తుంచింది. ముడి మాత్రం అదే. కట్టుకుంటూ, కోడలికి మాత్రమే వినపడేలా అంది. "మీరిద్దరు దీంట్ల కూసున్నప్పుడు గల్లీ గల్లీ ఇటే సూస్తది. కండ్లు తగులుతయని కట్టిన బిడ్డా. అది సాటింపు ఏస్తదని నాకేం ఎర్క?"

వజ్రమ్మ తల వంచుకుని స్క్రూడ్రైవరు కేసి చూసింది. అంటే రిపేరు ఏమిటో అత్తగారికి మొదటినుంచీ తెలుసు.

హారన్ తీగ బిగించి, ఇంజను పలికించి, మొదటిసారి బండిని గల్లీ దాటించాలని శివరాం అనేసరికి రాజవ్వ చీర మార్చుకుని వచ్చి, వెనక సీట్లో పీచు మీద దుప్పటి పరుచుకుని కూర్చుంది. "వర్లి పోనీయ్. మల్లవ్వను సూసి శాన దినాలాయె."

దారి పొడుగునా వజ్రమ్మకి పెద్ద చిక్కు వచ్చి పడింది. ఇది కారు. కాని వెనక అత్తగారుంది. మరి 'మీరా', 'నువ్వా'? ఏదీ తేలక, "బస్సు వస్తున్నది, జర మెల్లగ" అని ఎవరికీ కానట్టు గాలికి చెప్పింది. గుంతల్లో కారు ఎగిరింది, నిమ్మకాయ ఊగింది, హారన్ పలకలేదు. కూడలి దగ్గర శివరాం బటన్ నొక్కితే పలికింది. 'ఇక్కడ అందరం క్షేమం' ముక్క ఇంకా దాని కిందే ఉంది.

వర్లిలో చెల్లెలి వరస మల్లవ్వ ఉండే చాల్ ముందు రాజవ్వ దిగింది. తెరుచుకునే తలుపు ఎటుందో చూసుకుని మరీ దిగి, వంగి అద్దంలోంచి అంది.

"నేను సాయంత్రం దాంక ఈడనే ఉంట. మీరు సముద్రం దిక్కు పోతే పోండ్రి. వచ్చినంక కింద హారన్ కొట్టుండ్రి, నేనే దిగొస్త." నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "తొందరపడి కొట్టకుండ్రి."

ఆమె మెట్లెక్కి కనపడకుండా పోయేదాకా ఇద్దరూ కదలలేదు. తర్వాత వజ్రమ్మ అద్దం పైకెత్తింది. శివరాంకి నవ్వాపుకోవడం కష్టంగా ఉంది.

"ఎటు పోదాం?" అన్నాడు.

వజ్రమ్మ మనసారా నవ్వింది. కారు ఊగింది, నిమ్మకాయ ఊగింది, రోడ్డు మీద ఒక్క తల కూడా ఇటు తిరగలేదు.

"నువ్వే చెప్పు" అంది.